ఆముదం పట్టిన బూడిద

నాకు కోపం తొందరగా వస్తుంది, పొగడ్త అంతకంటే తొందరగా తలకెక్కుతుంది. ఈ రెండు గుణాలూ లేకపోతే ఈ కథే లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరూ నన్ను తప్పుబట్టొద్దు.

నా పేరు సారంగపాణి. బీయస్సీ కెమిస్ట్రీ. 1981లో వరంగల్ ములుగు రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో కెమిస్టుగా పనిచేసేవాణ్ని. షెడ్డు లక్ష్మీనారాయణ సేటుది. అక్కడ మేము బియ్యం మిల్లులకు రబ్బరు రోలర్లు తయారుచేసేవాళ్లం. వడ్ల మీది పొట్టు తీసేవి ఈ రోలర్లే. రెండు పక్కపక్కనే తిరుగుతుంటాయి, ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా. మధ్యలో పడ్డ గింజ పొట్టు ఊడి కిందికి జారుతుంది. గింజ గింజకూ రబ్బరు కూడా ఇంత అరుగుతుంది. మా రోలర్ల జత ఏడు వందల బస్తాల వడ్లు ఆడేసరికి పని అయిపోయేది. మద్రాసు నుంచి వచ్చేవి పన్నెండు వందల దాకా ఆడేవి. అయినా మావి ఎందుకు కొనేవాళ్లంటే, చెడిపోయినప్పుడు వచ్చి తిట్టడానికి మేము దగ్గరగా ఉండేవాళ్లం.

ఒట్టి రబ్బరు మెత్తగా ఉంటుంది. గట్టిపడాలంటే అందులో ఏదో ఒక సన్నటి పొడి కలపాలి. పెద్ద కంపెనీలు ఆ పొడిని డబ్బాల్లో తెప్పించుకుంటాయి. మేము ఊక బూడిద కలిపేవాళ్లం. మిల్లుల్లో బాయిలర్ల కింద ఊక తగలబడగా మిగిలే తెల్లటి బూడిద అది. ఆ ఆలోచన నాదే, అందుకు నాకు ఇప్పటికీ గర్వమే. చిక్కల్లా ఒక్కటే. ఆ బూడిద రబ్బరుతో కలిసేది కాదు. పెండ్లికి వచ్చిన మగపెండ్లివారిలాగా, అందులో రేణువులు తమలో తాము గుంపుకట్టి కూర్చునేవి. ఎక్కడ గుంపు కడితే అక్కడ రోలరు పెచ్చులూడేది. మూడేళ్లు నేను ఆ గుంపులు విడగొట్టడానికే తంటాలు పడ్డాను.

బూడిద జల్లించే పని కట్టమ్మది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. మడికొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. షెడ్డు వెనక ఒక ఇరుకు గదిలో, పలుచటి బట్ట బిగించిన జల్లెడ పట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేది. ఆ బూడిద ఎంత సన్నమంటే, పడాల్సిన చోట పడదు, గాలిలోనే వేలాడుతుంది. సాయంత్రం బయటికి వచ్చేసరికి కట్టమ్మ కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. దగ్గు మాత్రం ఆగేది కాదు. షెడ్డు ఈ చివర మిషన్ల చప్పుడులో కూడా ఆ దగ్గు నాకు వినపడేది.

మూడుసార్లు వచ్చి అడిగింది.

"సారూ, జర ఆ గోడకు ఫ్యానన్న పెట్టియ్యరాదు. దుమ్మంత బయటికి గుంజుతది. దవాఖానల సూపిచ్చుకున్న, దుమ్ముల కూసోవద్దంటాండ్లు. కూసోకుంటే ఎట్ల ఎల్లుతది?"

"బూడిద ఎగరక బంగారం ఎగురుతదా కట్టమ్మా? మూతికి కొంగు కట్టుకో" అన్నాను మూడుసార్లూ. మూడోసారి నా మాటకు నేనే నవ్వుకున్నాను కూడా. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

షెడ్డు గుమ్మం పక్కన ఒక బోర్డు ఉండేది. "ఈ ఆవరణలోకి నూనె తేరాదు. తెచ్చినవారు పనిలో ఉండరు. కెమిస్ట్." రాయించిందీ నేనే, కింద సంతకంలాంటిదీ నాదే. నూనె ఎక్కువైతే రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. ఒకసారి కట్టయ్య అనే మనిషి సైకిలు గొలుసుకు వేసే నూనె డబ్బా మిక్సింగ్ మిషను దగ్గర పెట్టాడని పదిహేను రోజులు ఇంటికి పంపించాను. అప్పటినుంచి ఆడవాళ్లు నూనె తేలే మామిడికాయ తొక్కు తెచ్చుకోవాలన్నా భయపడేవాళ్లు. అదీ నా పాలన.

ఆ ఏడాది ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక, ఒక రోజు రఘునాథపల్లి నుంచి మల్లికార్జున్ వచ్చాడు. ఆయనకు అక్కడొక పెద్ద మిల్లు, మా బూడిద వచ్చేది అక్కణ్నుంచే, ఆ చుట్టుపక్కల చుట్టాలకు మరో నాలుగు మిల్లులు. మా రోలర్ల గురించి మంచి మాట అనడానికి ఎప్పుడూ వచ్చిన మనిషి కాదు. అందుకే స్కూటరు చప్పుడు వినగానే నేను బీరువా వెనక్కి జరిగాను.

"సేటూ, మొన్న పంపిన జత పదహారు వందల బస్తాలు గుంజింది" అన్నాడాయన లోపలికి వస్తూనే. "ఇంక తిరుగుతనే ఉన్నది. ఏం కలిపిండ్లు అండ్ల?"

సేటు నావైపు చూశాడు. నేను బీరువా వెనకనుంచి బయటికి వచ్చాను.

ఆ లాటు చేసిన వారం నేను రబ్బరు ఉడికేందుకు కలిపే గంధకం పాళ్లు కొంచెం తగ్గించాను. వేరే మార్పేదీ నాకు తెలియదు. "గంధకం లెక్క మార్చిన సేటూ" అన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజంగానే నమ్మాను. మన గొప్పతనాన్ని నమ్మడానికి సాక్ష్యం ఎవరికి కావాలి?

మల్లికార్జున్ అక్కడికక్కడే బేరం పెట్టాడు. వానకాలం వడ్లు మిల్లులకు వచ్చేలోగా అన్ని మిల్లులకూ కలిపి నలభై జతలు కావాలి. ముందు నాలుగు జతలు పంపితే వాటిని చూసి మిగతావి తీసుకుంటాడు. మా షెడ్డు ఏడాది మొత్తానికి నలభై జతలు అమ్మిన పాపాన పోలేదు. ఆయన వెళ్లిపోగానే సేటు నా భుజం తట్టి, "ఏం గావాల్నో అడుగు సారంగపాణీ" అన్నాడు.

చేతులున్న కుర్చీ అడిగాను. అప్పటిదాకా స్టూలు మీద కూర్చునేవాణ్ని. మరునాడే కుర్చీ వచ్చింది. అందులో కూర్చున్న రోజు నా మనసు ఎంత విశాలమైపోయిందంటే, వెనకగదిలోంచి దగ్గు వినపడగానే లేచి వెళ్లి, "సేటూ, ఆ జల్లెడ గదికొక ఫ్యాను గూడ పెట్టియ్యుండ్లి" అన్నాను. ఆయన ఆ ఊపులో సరేనన్నాడు. నాలుగు రోజుల్లో గోడకు కన్నం కొట్టి, గాలిని బయటికి గుంజే ఫ్యాను బిగించారు. కట్టమ్మ దానికింద నిలబడి కాసేపు చూసింది.

"నీ కడుపు సల్లగుండ సారూ" అంది. నెల తిరిగేసరికి దగ్గు సగానికి సగం తగ్గింది. షెడ్డులో నేను మాట్లాడితే వినపడడం మొదలైంది.

నాలుగు జతలూ అదే గంధకం లెక్కతో, నా కళ్లముందే తయారుచేయించి పంపాను. మూడు వారాలకు మల్లికార్జున్ మళ్లీ వచ్చాడు. ఈసారి స్కూటరు మీద కాదు, జీపులో. వెనక నాలుగు జతలూ పడి ఉన్నాయి. అరచేతి వెడల్పు రబ్బరు పెచ్చు ఒకటి తెచ్చి నా కుర్చీ చేతి మీద పెట్టాడు.

"ఆరొందలకే ఊడింది సారూ. పాత రోలర్లే నయం."

నేను పెచ్చును తిప్పి చూశాను. తెల్లటి చుక్కలు. బూడిద గుంపులు. మూడేళ్లుగా నాకు పరిచయమున్న ముఖాలే.

"ఆఖరుసారి చెప్తాన" అన్నాడు ఆయన సేటుతో. "ఒక్క జత పంపుండ్లి. మొదటిదాని లెక్క ఆడితే నలభై జతలు మీ కాడనే. లేకుంటే మద్రాసుకు రాస్త. వడ్లు వచ్చేదాంక రెండు నెలలున్నది, మీ ఇష్టం."

ఆయన వెళ్లాక సేటు ఆ పెచ్చును చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత, "సారంగపాణీ, నీకు చెప్పలే గని, ఈ షెడ్డు ఎరువుల గోదాముకు ఇయ్యమని రెండేండ్ల సంది అడుగుతాండ్లు" అన్నాడు. "ఈ నలభై జతలు పోతే ఇచ్చేస్త. నేనింక గుంజలేను." షెడ్డులో మేము పద్నాలుగు మందిమి. ఆ మాట పద్నాలుగు మందికీ గంటలో తెలిసిపోయింది. అందరూ నావైపే చూడసాగారు, నేనేమో గంధకం డబ్బావైపు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, నేను గంధకాన్ని వదల్లేదు. కొంచెం తగ్గించాను, కొంచెం పెంచాను. ఉడికించే సమయం మార్చాను, రబ్బరు మార్చాను. చిన్న చిన్న ముక్కలు చేసి సానరాయి మీద అరగదీసి, పాత మంచి లాటులో మిగిలిన ముక్క పక్కన పెట్టి చూసేవాణ్ని. పాతదాని మీద గీత మాత్రమే పడేది, కొత్తది పొడిగా రాలేది. ఇరవై రోజులు అదే తంతు. ఇంట్లో మా ఆవిడ సావిత్రి రోజూ నా ముఖం చూసి చూసి, "ఉప్పు తక్కువైన పులుసుల పసుపు, కారం, బెల్లం అన్ని మార్చి చూస్తాండ్లు. ఉప్పు ఏదో ముందు సూసుకోరాదుండ్లి" అంది. రబ్బరు గురించి నీకేం తెలుసు అని గయ్యిమన్నాను. ఆ రాత్రి ఆమె పులుసు నిజంగానే ఉప్పు లేకుండా పెట్టింది.

ఇరవై ఒకటో రోజు, వెనక వరండాలో పాత సంచుల కింద ఒక సగం బస్తా బూడిద దొరికింది. నేను ప్రతి బస్తా మీదా నీలం పెన్సిలుతో తారీఖు వేస్తాను. చూస్తే అది మంచి రోలరు చేసిన వారానిది. బూడిద బూడిదే కదా, ఇందులో ఏముంటుంది అనుకుంటూనే చేయి పెట్టి చూశాను. తర్వాత చేయి కడుక్కుందామని బకెట్టు నీళ్లలో ముంచాను.

బూడిద మునగలేదు. పాల మీది మీగడలాగా నీళ్లమీద పరుచుకుంది.

వెళ్లి ఆనాటి కొత్త బూడిద పిడికెడు తెచ్చి వేశాను. అది బుడుంగున మునిగింది. ఒకే మిల్లు, ఒకే ఊక, ఒకే జల్లెడ. ఒకటి తేలుతోంది, ఒకటి మునుగుతోంది. పాత బూడిద ఇంకొంచెం తీసి అరచేతిలో నలిపి వాసన చూశాను. చిన్నప్పుడు మా అమ్మ నెలకోసారి నా తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ముక్కు మూసి గొంతులో పోసేది. ప్రపంచంలో ఏ వాసన మరిచిపోయినా ఆ వాసన మరిచిపోను. ఆముదం.

మొదట వచ్చింది కోపమే. నా షెడ్డులోకి, నా బోర్డు పక్కనుంచే, ఎవరో నూనె తెచ్చారు. రెండంగలు వేశాక ఆగిపోయాను. ఆ నూనే పదహారు వందల బస్తాలు ఆడించిందని అప్పటికి తట్టింది. గంధకం కాదు. నేను కాదు.

కట్టమ్మ గదికి వెళ్లి మెల్లగా అడిగాను. "కట్టమ్మా, ఈ బూడిదల ఆముదం ఎవరు కలిపిండ్లు?"

ఆమె జల్లెడ ఆపింది. "నాకేమెరుక సారూ. ఆముదం నేనెందుకు తెస్త?" అంది. అంటూ నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. అక్కడ బోర్డు ఉంది.

స్క్రూ డ్రైవరు తెప్పించి, నా చేతులతోనే బోర్డు ఊడదీసి, తిరిగి ఆమె దగ్గరికి వెళ్లాను. "బోర్డు తీసేసిన, ఇప్పుడన్న చెప్పు" అన్నాను. కట్టమ్మ ఆ బోర్డును చూసింది, నన్ను చూసింది. "తీసిన బోర్డు మళ్ల పెట్టుడెంత సేపు సారూ" అని జల్లించడం మొదలుపెట్టింది. కట్టయ్య పదిహేను రోజులు ఆమెకు బాగానే గుర్తున్నట్టుంది.

మరునాడు పొద్దున్నే చౌరస్తాలో ఒక సీసా ఆముదం కొన్నాను. ఆమె చూస్తుండగానే తట్టెడు బూడిద ముందేసుకుని కూర్చున్నాను. సీసా వంచి గడగడా పోశాను. పోసిన చోటల్లా బురద ముద్దలయింది, పోయని చోట పొడి పొడిగా ఉండిపోయింది. రెండు చేతులా పిసికాను. బూడిదలో పోసిన పన్నీరు అంటారు, నాది అంతకంటే అధ్వానంగా ఉంది. మోచేతుల దాకా జిడ్డు. కట్టమ్మ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. నేను పిసికినప్పుడల్లా ఆమె వేళ్లు కదులుతున్నాయి.

రెండో తట్ట ముందుకు లాక్కుని సీసా ఎత్తాను.

"గట్లగాదు సారూ" అంది. ఆగలేకపోయింది. "నూనె పాడు, బూడిద పాడు. జరుగు. జర జరుగు నువ్వు."

జరిగాను. కట్టమ్మ కూర్చుని, చాయ్ గిలాసులో సగం ఆముదం పోసుకుంది. ఇంత అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్దుకుంది. ఆ చేతులు బూడిదలో పెట్టి, అడుగునుంచి పైకి, పైనుంచి అడుగుకు తిప్పింది. మళ్లీ ఇంత నూనె, మళ్లీ రుద్దుడు, మళ్లీ తిప్పుడు. తొందర లేదు. సగం గిలాసు మొత్తం ఆ తట్టకు పట్టించడానికి గంట పట్టింది. దుమ్ము లేవలేదు. బూడిద బరువెక్కినట్టు కిందికే జారుతోంది.

"మీ ఇంట్ల కందులకు ఆముదం పట్టియ్యరా? పురుగు పట్టకుంట?" అంది చేతులు ఆపకుండానే. "గిది గూడ గంతే. చెయ్యికి అంటుకుంటాందంటే తక్కువైనట్టు. ముద్ద కడుతాందంటే ఎక్కువైనట్టు. అంటద్దు, ముద్ద కావద్దు. గప్పుడు తెల్లారేదాంక గోనెసంచి కప్పి పెట్టాలె. నూనె ఎక్కడికి పోవాల్నో గదే పోతది."

"మరి నా బూడిదకు ఎందుకు పట్టించినవు?"

"నువ్వు ఫ్యాను పెట్టియ్యకపోతివి. దగ్గేమొ ఆగకపాయె. ఆముదం పడితే కందుల మీద దుమ్ము లేవదు గదా, దీనికి గూడ పట్టిద్దాం అనుకున్న. ఇంటికాడ వండిన ఆముదం సద్ది గిన్నెల పెట్టుకొని తెచ్చిన. బోర్డు సూస్తే భయమే అయింది. గని దగ్గు ముంగట బోర్డెంత సారూ?"

"తర్వాత ఎందుకు ఆపినవు?"

ఆమె నన్ను వింతగా చూసింది. చదువుకున్నవాడు ఇంత చిన్న సంగతి అడుగుతాడా అన్నట్టు. "నువ్వు ఫ్యాను పెట్టిస్తివి గదా. దుమ్ము పోవట్టె. ఇంక ఆముదం దండుగ ఎందుకు?"

నేను నవ్వాను. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి, జిడ్డు చేతులతో తుడుచుకుంటే కళ్లు మండి ఇంకా నీళ్లొచ్చాయి. మూడుసార్లు కాదన్నందుకు పదహారు వందల బస్తాలు. అడక్కుండా ఇచ్చినందుకు ఆరు వందలు. నా జన్మలో నేను చేసిన ఒక్క మంచిపని షెడ్డును గోదాము చేయబోయింది.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే సంగతి బోధపడింది. బూడిద రేణువు ఒంటికి తడి ఇష్టం, పక్క రేణువు ఇష్టం, రబ్బరంటే గిట్టదు. ఆముదానికి ఒక గుణం ఉంది. దాని ఒక కొస బూడిదను పట్టుకుంటుంది, తక్కిన ఒళ్లంతా రబ్బరు వైపు తిరుగుతుంది. ఒక్కో రేణువు మీద పొరలాగా కూర్చుంటే ఇక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు, విడివిడిగా రబ్బరులోకి పోతాయి. ఎక్కువైతే మాత్రం రబ్బరు మెత్తబడుతుంది. అంటే నా బోర్డూ అబద్ధం కాదు. సగం నిజం, అంతే. మిగతా సగం కట్టమ్మ అరచేతిలో ఉంది.

ఆ వారమంతా ఆమె పట్టించింది, నేను పక్కన కూర్చుని నేర్చుకున్నాను. తట్ట తట్టకూ చిటికెడు బూడిద చెంబులో నీళ్లమీద వేసి చూసేవాళ్లం. ఆమె తట్టలు తేలేవి. నావి మూడింట్లో ఒకటి మునిగేది. "ఇంక రాలే సారూ" అని ఆమె మళ్లీ తిప్పేది. సానరాయి మీద కొత్త ముక్క పాత ముక్కలాగే గీత మాత్రమే పడింది. ఆ రోజు షెడ్డులో అందరికీ చాయ్ తెప్పించాను. ఒక్క జత తయారుచేసి రఘునాథపల్లి పంపాం.

సేటుకు మాత్రం ఇదంతా చెప్పలేదు. రోలర్లు ఆడాక చెబుదాంలే అనుకున్నాను. అలా అనుకున్నానో, లేక కుర్చీ మీద ఆశతో అనుకున్నానో, ఆ రోజుల్లో నాకే సరిగ్గా తెలియదు.

పదహారో రోజు మల్లికార్జున్ కబురు పంపాడు. సేటు అద్దె జీపు మాట్లాడాడు. కట్టమ్మ వచ్చి, "సారూ, నేను గూడ వస్త. గీ బూడిద యాడికెల్లి వస్తదో, యాడికి పోతదో ఎన్నడు సూడలే" అంది. వెనకసీటులో ఎక్కించుకున్నాం. దారి పొడుగునా నాకు ఒకటే లెక్క. ఆడకపోతే పద్నాలుగు మంది రోడ్డున పడతారు. ఆడితే నేను నోరు తెరవాలి.

మిల్లు మోగిపోతోంది. రోలర్లు తిరుగుతున్నాయి. మల్లికార్జున్ మిషను ఆపించి, మూత తెరిచి, అరచేతితో రబ్బరు తడిమాడు. నున్నగా ఉంది. ఒక్క పెచ్చు లేదు. గుమస్తా వచ్చి, నిన్నటికి పదిహేడు వందల నలభై అన్నాడు.

"నలభై జతలు రాసుకోండ్లి సేటూ" అన్నాడు మల్లికార్జున్. "గని ఏం కలిపిండ్లో చెప్తే మా మనసు నిమ్మళమైతది."

సేటు ముఖం వెలిగిపోయింది. "అంత మా సారంగపాణి తెలివి. గంధకం కిటుకు" అని నా వీపు తట్టాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కట్టమ్మ కొంచెం దూరంలో, కొంగు భుజం మీదుగా కప్పుకుని, బాయిలరు కింద మండుతున్న ఊకను చూస్తోంది. మాటలన్నీ ఆమెకు వినపడుతూనే ఉన్నాయి. ఆమె తిరిగి చూడలేదు. చూడదు కూడా. నేను నోరు మూసుకుంటే ఈ సంగతి ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఆ మాట నాకెంత బాగా తెలుసో, ఆమెకూ అంతే బాగా తెలుసు. అదే నన్ను పొడిచింది.

"గంధకం గాదు సేటూ" అన్నాను. "నాకేం తెల్వదు. చేసింది కట్టమ్మ."

ఇక ఆగలేదు. ఫ్యాను అడిగితే మూడుసార్లు కాదన్నదీ, నవ్విందీ, సద్ది గిన్నెలో ఆముదం తెచ్చిందీ, ఫ్యాను వచ్చాక మానేసిందీ, అంతా చెప్పేశాను. కుర్చీ సంగతి కూడా చెప్పాను. మల్లికార్జున్ కట్టమ్మ దగ్గరికి వెళ్లి, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

"నేనేం జేసిన సేటూ" అంది ఆమె, చూపు నేల మీదికి దించి. "కందులకు పట్టిచ్చినట్టు పట్టిచ్చిన, గంతే."

"మా అమ్మ గూడ గట్లనే పట్టిచ్చేది" అన్నాడాయన. బాయిలరు వైపు చూసి, "మా బూడిదకు పట్టిచ్చి మాకే ఇచ్చిండ్లన్నట్టు" అని నవ్వాడు. కట్టమ్మ కూడా నవ్వింది. నా ఛాతీ మీదినుంచి బస్తా దింపినట్టయింది. ఎందుకింత ఆలస్యం చేశానా అనిపించింది. చెప్పేశాక ఎంత తేలిగ్గా ఉంటుందో ముందే తెలిస్తే ఎవరూ దాచరు.

లక్ష్మీనారాయణ సేటు మాత్రం నవ్వలేదు. ఆయన మనసు వేరే చోట పనిచేస్తోంది.

"అంటే, ఆముదం పట్టిస్తే దుమ్ము లేవదన్నట్టు" అన్నాడు.

"లేవదు సేటూ."

"మరైతే ఆ ఫ్యాను ఎందుకు? కరెంటు దండుగ. తీసి నా రూములన్న పెట్టిద్దాం."

కట్టమ్మ నవ్వు ఆగిపోయింది. ఆముదం పట్టించేది తట్టలోకి వచ్చాక. బస్తాలు విప్పి కుమ్మరించేటప్పుడు లేచే దుమ్ము ఎక్కడికీ పోదు. అది ఆమెకు తెలుసు, నాకూ ఇప్పుడు తెలుసు. ఆమె నావైపు చూసింది. నాలుగోసారి అడగలేదు, ఊరికే చూసింది.

"ఫ్యాను తీస్తే రోలరు రాదు సేటూ" అన్నాను. "ఆముదం పట్టినంక గాలి ఆడాలె. లేకుంటే పూత ఆరది. పూత ఆరకుంటే మళ్ల ఆరొందలే."

ఆముదం ఎన్నేళ్లున్నా ఆరదు. ఈ సంగతి తెలియడానికి కెమిస్ట్రీ చదవక్కర్లేదు, తలకు ఒకసారి పెట్టుకుంటే చాలు. సేటు అనుమానంగా నన్ను చూసి, ఇప్పుడే నాకేం తెల్వదన్నావు కదా అన్నట్టు కళ్లు చిట్లించి, కట్టమ్మ వైపు తిరిగాడు.

"ఔనా కట్టమ్మా? గాలి తగలాల్నా?"

పుట్టిన్నాటి నుంచీ ఆముదంలోనే చేతులు పెట్టిన మనిషి. నన్ను ఒక్కసారి చూసింది. తర్వాత సేటును చూసి, కందులు కొలిచినంత నిదానంగా తలూపింది.

"ఔ సేటూ. తగలాలె. జర ఎక్కువనే తగలాలె."

ఆ వారంలోనే సేటు రెండో ఫ్యాను పెట్టించాడు.